అమ్మాయి వస్తోంది, మిక్సీ సంగతేంటి?

ప్రశ్న: అమ్మా, మాది తెనాలి. ఆయన హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. మాకు ఒక్కతే కూతురు, న్యూజెర్సీలో ఉద్యోగం. అక్కడే ఒక యూదుల అబ్బాయిని ఇష్టపడి, వాళ్ళ మతం పుచ్చుకుని పెళ్ళి చేసుకుంది. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం. మొదట్లో బాధపడ్డాం, తర్వాత సర్దుకున్నాం. అల్లుడు మంచివాడు. నాలుగేళ్ళ మనవరాలు. జూలైలో ముగ్గురూ వచ్చి మూడు వారాలు ఉంటామన్నారు. పెళ్ళయ్యాక ఇంటికి రావడం ఇదే మొదలు.

మొన్న ఫోన్లో, "అమ్మా, మేం కోషర్ పాటిస్తాం కదా, అంటే యూదుల తిండి నియమాలు, మన గిన్నెల్లో వండినవి తినలేం. నీ మిక్సీ, కుక్కర్, మైక్రోవేవ్ వాడుకోలేం. ఏమీ అనుకోకు" అంది. ఆ మూడు వారాలూ ఇంట్లోకి నీచు రానివ్వను, పప్పూ కూరా పచ్చళ్ళే చేస్తానన్నాను. అయినా కుదరదంది. అన్నీ మరిగే నీళ్ళతో కడిగితే చాలదా? పక్కనే కూర్చుని వింటున్న ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు. రాత్రి కంచం ముందు కూర్చుని ఒకటే మాటన్నారు: "మా నాన్నకి టీ కొట్లో గ్లాసు వేరే పెట్టారు. ఇప్పుడు నా కూతురు నా ఇంట్లో కంచం వేరే అంటోంది." నాకు నోట మాట రాలేదు. మా ఆడపడుచేమో "నీ గిన్నెల్లోనే వండి కొత్తవని చెప్పు వదినా, ఎవరికి తెలుస్తుంది" అంటోంది. చుట్టాలు భోజనాలకి పిలుస్తారు. వాళ్ళకేం చెప్పను?

పేరు వద్దన్న తల్లి, తెనాలి

సమాధానం: అమ్మా, ముందు మీ ఆడపడుచు సలహా సంగతి తేల్చేద్దాం. ఆ పని మాత్రం చేయకండి. ఎవరికీ తెలియదన్నది నిజమే అనుకుందాం, మీకు తెలుసు కదా. రోజుకు మూడు పూటలు, మూడు వారాలు, అమ్మాయి "బాగుందమ్మా" అన్నప్పుడల్లా మీకు ముద్ద దిగదు. పైగా ఇలాంటివి దాగవు. మనవరాలికి నాలుగేళ్ళంటున్నారు. ఆ వయసు పిల్లలు ఏ గిన్నె ఏ అరలోంచి వచ్చిందో కూడా చూస్తారు, చూసింది చూసినట్టు చెప్పేస్తారు. ఒక్కసారి బయటపడితే మీ ఇంట్లో మంచినీళ్ళు తాగడానికి కూడా వాళ్ళు ఆలోచిస్తారు.

ఇక మాస్టారి మాట. మీ ఉత్తరంలో అక్కడికి వచ్చేసరికి చదవడం ఆపి కాసేపు ఊరికే కూర్చున్నాను. మన ఊళ్ళలో వేరే గ్లాసు అంటే ఏమిటో తెలియని తెలుగువాళ్ళు లేరు. తెలియనట్టు ఉండేవాళ్ళు ఉంటే ఉంటారు. టీ కొట్టు చూరుకి తగిలించిన గ్లాసు, తాగినవాడే కడిగి మళ్ళీ అక్కడే పెట్టాల్సిన గ్లాసు. ఆ కథ ఇంట్లో విని పెరిగిన మనిషికి "మీ గిన్నెలో తినను" అన్న మాట ఎవరి నోట వచ్చినా, ఏ మతం పేరుతో వచ్చినా ఒక్కలాగే వినపడుతుంది. ఆయన బాధలో తప్పు పట్టడానికేమీ లేదు. అమ్మాయిదే పొరపాటు. నాన్న పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పాల్సిన మాటని ఫోన్లో గబగబా చెప్పేసి "ఏమీ అనుకోకు" అంటే ఎలా? ఈ జవాబు ఆమెకి పంపండి. నేను చివాట్లు పెట్టానని చెప్పండి.

మాస్టారితో కూడా ఒక మాట చెప్పాలి. ఆ టీ కొట్లో పట్టింపు అంతా మనిషి మీద. ఆయన నాన్నగారు బజార్లో కొత్త గ్లాసు కొనుక్కుని తీసుకెళ్ళినా కొట్టువాడు దాన్ని బల్ల మీద పెట్టనిచ్చేవాడు కాదు. మీ అమ్మాయి పట్టింపు గిన్నె మీద. కొత్త గిన్నె తెచ్చారనుకోండి, అదే వంటింట్లో, అదే స్టవ్ మీద, మీరు పోపు పెట్టిన పప్పే, మీ పక్కన కూర్చుని, మీ చేతి ముద్దే తింటుంది.

నేను కొన్నేళ్ళు న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉన్నాను. పక్కనే హైలాండ్ పార్కు, అక్కడ యూదుల కుటుంబాలు చాలా ఉంటాయి. లైబ్రరీలో పరిచయమైన ఒక పెద్దావిడ ఉండేది. పుట్టుకతో యూదురాలు, వాళ్ళమ్మా అమ్మమ్మా యూదులే. కానీ కోషర్ గీషర్ ఏమీ పట్టించుకునేది కాదు. కొడుకు కాలేజీకి వెళ్ళాక భక్తిలో పడ్డాడు. అప్పట్నుంచి కన్నతల్లి గిన్నెలో తినడు. వాళ్ళ గ్యారేజీలో ఒక నీలం ప్లాస్టిక్ డబ్బా ఉండేది. అందులో రెండు గిన్నెలు, ఒక పెనం, ఒక చాకు, రెండు గరిటెలు, ఒక అల్యూమినియం ఫాయిల్ చుట్ట. మూత మీద టేపు అంటించి కొడుకు పేరు రాసింది. వాడు వచ్చే ముందు రోజు ఆ డబ్బా ఇంట్లోకి వచ్చేది. "మొదటి రెండేళ్ళు ఏడ్చాను, మూడో ఏడు డబ్బా కొన్నాను" అంది నాతో. యూదుల తల్లీకొడుకుల మధ్యే ఈ పేచీ ఉందని మాస్టారికి చెప్పండి. కులం గోత్రం అన్నీ ఒకటే అయినా గిన్నె దగ్గర ఆగిపోయారు.

గిన్నె మీద అంత పట్టింపు ఎందుకూ అంటే, మీ ఇంట్లో బైబిలు ఉంటుంది కాబట్టి మీకు చెప్పడం తేలిక. మేకపిల్లను దాని తల్లి పాలలో వండకూడదన్న మాట మూడు చోట్ల వస్తుంది: నిర్గమకాండం 23వ అధ్యాయం, మళ్ళీ 34, ద్వితీయోపదేశకాండం 14. దాని మీదే మాంసం, పాలు కలపకూడదన్న నియమమంతా నిలబడింది. మాంసం తిన్నాక పాలు ముట్టడానికి చాలామంది ఆరు గంటలు ఆగుతారు, జర్మనీ నుంచి వచ్చిన కుటుంబాలు మూడు గంటలు ఆగుతాయి. ఏ జంతువు తినొచ్చో, ఏది కూడదో లేవీయకాండం 11లో ఉంది. చేపకి రెక్కలూ పొలుసులూ రెండూ ఉండాలి. బొచ్చె, శీలావతి సరే. రొయ్య, పీత, వాలుగ పనికిరావు. కోడి తినొచ్చు గానీ, దాన్ని వాళ్ళ పద్ధతి నేర్చిన మనిషే కొయ్యాలి, తర్వాత నీళ్ళలో నానబెట్టి, ఉప్పు పట్టించి రక్తం తీసేయాలి. మీ బజార్లో కోడి వాళ్ళకి కోడి కాదు. హలాల్ అయినా అంతే. అల్లుడికి నాటుకోడి పెట్టాలన్న సరదా ఉంటే ఈసారికి వదులుకోండి.

ఇప్పుడు మీ ఇంట్లో ఆదివారం ఆదివారం కోడికూర ఉడికిన కుక్కర్ ఉందనుకుందాం. వేడి తగిలినప్పుడు గిన్నె ఆ కూర రుచిని పీల్చుకుంటుంది, మళ్ళీ వేడి తగిలినప్పుడు కొత్త వంటలోకి వదులుతుంది అని వాళ్ళ లెక్క. మనకిది మరీ వింతేమీ కాదు. చేపల పులుసు కాచిన మట్టిదాకలో, ఎన్నిసార్లు తోమినా సరే, మీరు పాలు కాస్తారా? కాయరు. వాళ్ళ శాస్త్రం కూడా మట్టిపాత్ర విషయంలో సరిగ్గా ఇదే చెబుతుంది: మట్టి పీల్చుకున్నదాన్ని ఇక వదలదు, దాన్ని బాగుచేయడం కుదరదు. లేవీయకాండం 6లో చూడండి, మట్టికుండని పగలగొట్టాలి, ఇత్తడి పాత్రనైతే తోమి కడగాలి అని ఉంటుంది. కాబట్టి అమ్మాయి "మీ గిన్నె వద్దు" అంటే శుభ్రం లేదని కాదు. మీరు అద్దంలా తోమి పెట్టినా లెక్క మారదు.

మరిగే నీళ్ళ గురించి అడిగారు. మీకెవరూ చెప్పకుండానే దగ్గరికి వచ్చేశారు. ఆ పద్ధతి నిజంగానే ఉంది. వంట ఉడికించే లోహపు గిన్నెని పూర్తిగా తోమి, 24 గంటలు వాడకుండా ఉంచి, తెర్లుతున్న నీళ్ళలో మొత్తం ముంచి తీస్తారు. నేరుగా మంట మీద కాల్చే వాటిని మంటతోనే కాలుస్తారు. సంఖ్యాకాండం 31లో, యుద్ధంలో ఓడిన మిద్యానీయుల దగ్గర దొరికిన పాత్రలని ఏం చేయాలో చెప్పిన చోటు నుంచి తీసుకున్న నియమం అది. కానీ కుక్కర్ రబ్బరూ, పిడి సందులూ, నాన్‌స్టిక్ పూతా, పింగాణీ, వీటి దగ్గర చిక్కులున్నాయి. తెలిసినవాళ్ళు దగ్గరుండి చేయించాల్సిన పని. అంత యాతన పడి చేసినా వాళ్ళు విమానం ఎక్కిన మర్నాడు మీరు అందులో కోడికూర వండుకుంటారు, మళ్ళీ మొదటికి వస్తుంది. మూడు వారాల కోసం పాతవి శుద్ధి చేసుకునే కంటే నాలుగు కొత్తవి కొనుక్కోవడమే సుఖం.

నీచు తేనన్నారు చూడండి, అమ్మాయి కుదరదంది గానీ, సగం బరువు దించేసిన మాట అది. మాంసం వండే ఇంట్లో వాళ్ళకి గిన్నెలు రెండు జతలు కావాలి, మాంసానికి ఒకటి, పాలకి ఒకటి. కుదిరినవాళ్ళు సింకులు కూడా రెండు పెట్టుకుంటారు. మీ ఇంట్లో మాంసమే లేదంటే ఒక్క జతతో సరిపోతుంది. పెరుగన్నం, నెయ్యి, పాయసం దేనికీ అడ్డు లేదు, ఆరు గంటల లెక్క కూడా ఉండదు. మీకూ మాస్టారికీ ఆదివారం కూర లేకపోతే గడవదంటే, అది పాత గిన్నెల్లో, వేరే సమయంలో, వేరే గట్టు మీద చేసుకోవచ్చు. కానీ మూడు ఆదివారాలే కదా.

మీరు అన్నిటికంటే ముందు మిక్సీ పేరెత్తారు. తెలిసి ఎత్తారో తెలియక ఎత్తారో గానీ, మన వంటింట్లో అసలు ముడి అక్కడే ఉంది. మామూలుగా చల్లగా ఉన్నదానికి గిన్నె రుచి అంటదని వాళ్ళ లెక్క. అయితే ఉల్లి, వెల్లుల్లి, ముల్లంగి లాంటి ఘాటు సరుకుని కత్తితో కోసినప్పుడు మాత్రం, మంట లేకపోయినా ఆ ఘాటే కత్తిలో దాగిన రుచిని బయటికి లాగుతుందంటారు. మన మిక్సీ జార్లో పడేవేమిటి మరి? అల్లం, వెల్లుల్లి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. అదే బ్లేడు కింద ఎప్పుడో ఎండు రొయ్యల పొడి కూడా తిరిగి ఉంటుంది. తెనాలి ఇంట్లో తిరగలేదంటే నేను నమ్మను. అందుకని అమ్మాయి మిక్సీ వద్దనడంలో అతి ఏమీ లేదు. అలాగని కొత్త మిక్సీ కొననక్కర్లేదు. కింద మోటారుకి కూర తగలదు. మీ మిక్సీకి సరిపోయే జార్లు రెండు, పచ్చడికి చిన్నదీ, పొడులకీ ముద్దలకీ మధ్య రకందీ, మూతలతో సహా కొత్తవి తెచ్చుకోండి. మిక్సీలు బాగుచేసే షాపులో మోడల్ నంబరు చెబితే ఇస్తారు. ఇదే లెక్క కత్తిపీటకీ, చాకుకీ, కూరగాయలు తరిగే చెక్కకీ. ఇవి మూడూ కొత్తవే కావాలి. గిన్నె మర్చిపోయినా ఫరవాలేదు, చాకు మర్చిపోకండి.

గ్రైండర్ గురించి మీరు అడగలేదు, కానీ అమ్మాయి అడుగుతుంది. అందులో ఇడ్లీపిండి, గారెలపిండి తప్ప ఇంకేమీ రుబ్బి ఉండకపోతే ఆ మాట చెప్పండి, పేచీ ఉండకపోవచ్చు. ఎప్పుడైనా మసాలా ముద్ద రుబ్బి ఉంటే అదీ చెప్పండి. గ్యాస్ స్టవ్‌తో పెద్ద గొడవ లేదు. బర్నర్ మీద కమ్మీలని తోమి, కాసేపు పెద్ద మంట మీద కాల్చి వాడుకుంటారు. కుక్కర్, ఇడ్లీపాత్ర, అట్లపెనం, ఒక మూకుడు, పాలగిన్నె, పిండి కలిపే గిన్నె, గరిటెలు, అట్లకాడ, ఇవి కొత్తవి. పెనం నాన్‌స్టిక్ వద్దు, ఇనపదో స్టీలుదో తీసుకోండి.

మైక్రోవేవ్‌లో చిక్కు ఆవిరితో. మీరు కూర వేడి చేసినప్పుడల్లా ఆవిరి గోడలకి పడుతుంది. అందుకని ఆ పాపకి పాలో అన్నమో వెచ్చబెట్టాలంటే, కొత్త గాజు గిన్నెలో పెట్టి, మూత పెట్టి, ఆ మొత్తాన్ని వేడికి తట్టుకునే ఇంకో కవర్లో చుట్టి పెడతారు. రెండు పొరలు ఉండాలి. పెద్ద ఓవెన్ ఉంటే అందులోనూ ఇంతే, ఫాయిల్ రెండు చుట్లు. బ్రెడ్ కాల్చే టోస్టర్ జోలికి పోకండి, లోపలి ముక్కలూ తీగలూ ఎవరూ శుభ్రం చేయలేరు. బ్రెడ్ కొత్త పెనం మీద కాల్చుకోండి, రుచి కూడా అదే బాగుంటుంది. ఫ్రిజ్ చల్లగా ఉండేది కాబట్టి పట్టింపు లేదు, పై అర వాళ్ళకిచ్చేసి గిన్నెలకి మూతలు పెట్టండి. సింకులో మాత్రం నేరుగా వేయకుండా ఒక కొత్త ప్లాస్టిక్ టబ్బు పెట్టి అందులో తోమించండి. పీచు వేరే. అంట్లు తోమే అమ్మాయికి ముందే చెప్పి, ఆమెకి అర్థమయ్యేలా రంగు గుర్తు పెట్టండి. ఆమెకి చెప్పకుండా ఎంత ఏర్పాటు చేసినా మొదటి రోజు మధ్యాహ్నానికే అన్నీ కలిసిపోతాయి.

కంచాల సంగతి మీకు దేవుడిచ్చిన వరం ఉంది. అమెరికాలో ఇలాంటి ఇళ్ళలో చుట్టాలొస్తే కాగితం ప్లేట్లు, ప్లాస్టిక్ చెంచాలు వాడి పారేస్తారు. మీకు లంకల అరటాకులుండగా కాగితం ప్లేటు ఖర్మేమిటి? ఆకు మీద నిన్నటి కూర ఉండదు. పొద్దున ఆకు కోయించి అందరికీ ఆకుల్లోనే వడ్డించండి. అందరికీ అంటున్నాను. మాస్టారికీ మీకూ కూడా. అప్పుడు వేరే కంచం అన్న మాటే ఇంట్లో వినపడదు. చల్లటి నీళ్ళు మీ పాత గాజుగ్లాసులో తాగడానికి చాలామందికి అభ్యంతరం ఉండదు. వేడి కాఫీకి మాత్రం నాలుగు కొత్త గ్లాసులు చూడండి.

సరుకులు: ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉంటే శాకాహారమని మనకి భరోసా, వాళ్ళకి అది చాలదు. హైలాండ్ పార్కు ఆవిడ కొడుకు కోసం బిస్కెట్లు కొనేటప్పుడు కళ్ళజోడు ముక్కు చివరికి దింపుకుని ప్యాకెట్‌ని నాలుగు వైపులా తిప్పి, ఆవగింజంత గుర్తు కోసం వెతికేది. సున్నాలో ఇంగ్లిష్ యూ అక్షరం అలాంటి గుర్తుల్లో ఒకటి. పక్కన డి ఉంటే పాలు కలిసిందని. మన దేశంలో తయారైన ప్యాకెట్ల మీద కూడా కొన్నిటికి ఈ గుర్తు కనిపిస్తుంది. బియ్యం, కందిపప్పు, కూరగాయలు, గుడ్లు, పళ్ళతో బెంగ లేదు. నూనె, నెయ్యి, పెరుగు, పనీరు, బిస్కెట్లు, పొడులు ఏ కంపెనీవి కొనాలో ప్యాకెట్ల ఫోటోలు తీసి అమ్మాయికి ముందే పంపండి. పాల విషయంలో ఇంటికొక పద్ధతి ఉంటుంది, అది వాళ్ళ మతగురువు రబ్బీని అడిగి ఆమే చెబుతుంది. ఆకుకూరలకీ, కాలీఫ్లవర్‌కీ, బియ్యానికీ పురుగు చూడటం వాళ్ళకి గట్టి నియమం. ఈ పనిలో మీకెవరూ నేర్పక్కర్లేదు. చేట తీసుకుని మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకోండి.

ఇప్పటిదాకా పట్టింపు గిన్నె మీదే అన్నాను. ఒక్క చోట మాత్రం మనిషి ప్రసక్తి కూడా వస్తుంది. అది దాచి మీకు సర్దిచెప్పడం నాకిష్టం లేదు, ఎలాగూ బయటపడేదే. పచ్చిగా తినలేనివాటిని, నలుగురికీ వడ్డించదగ్గ వంటని మొత్తం యూదులు కానివాళ్ళే వండితే తినకూడదని ఒక పాత నియమం ఉంది. పరాయివాళ్ళతో మరీ కలిసిపోకుండా పెద్దలు పెట్టుకున్న కట్టుబాటది. మాస్టారికి ఇది నచ్చదు, నాకూ నచ్చలేదు. కానీ దానికి వాళ్ళే ఒక దారి పెట్టుకున్నారు. యూరప్ యూదుల పద్ధతిలో పొయ్యి యూదులు వెలిగిస్తే చాలు, మిగతా వంటంతా ఎవరు చేసినా ఫరవాలేదు. సెఫార్దీలనే ఇంకో శాఖవాళ్ళు, గిన్నె కూడా వాళ్ళే పొయ్యి మీద పెట్టాలంటారు. అల్లుడిగారిది ఏ పద్ధతో కనుక్కోండి. మీ అమ్మాయి ఇప్పుడు యూదురాలే కాబట్టి పొద్దున్నే లేచి స్టవ్ ముట్టించి వెళ్ళి పడుకుంటుంది, మీరు వండుకుంటారు. పుట్టింటికొచ్చిన కూతురు కనీసం పొయ్యి అయినా వెలిగిస్తుందని సంతోషించండి.

శుక్రవారం పొద్దు గుంకినప్పట్నుంచి శనివారం రాత్రి దాకా వాళ్ళకి విశ్రాంతిదినం, పొయ్యి వెలిగించరు, స్విచ్ నొక్కరు. ఆ పూటలకి పులిహోర, దద్దోజనం, చల్లారినా బాగుండే వేపుళ్ళు శుక్రవారం మధ్యాహ్నమే చేసి ఉంచండి. ఫ్రిజ్ తలుపు తీస్తే లోపల వెలిగే బల్బు మీద ముందే టేపు వేయడమో, బల్బు తీసేయడమో చేస్తారు. అల్లుడు ఫ్రిజ్‌లో తల పెట్టి ఏదో వెతుకుతున్నాడని కంగారు పడకండి.

చుట్టాల పిలుపులకి: దాపరికం లేకుండా, క్షమాపణలు లేకుండా, ఫోన్లోనే ఒక్క ముక్కలో చెప్పేయండి. "వాళ్ళు వేరే గిన్నెల్లో వండింది తినరు పిన్నీ, వాళ్ళ క్యారేజీ మేం తెచ్చుకుంటాం, మాకు మాత్రం నువ్వే పెట్టాలి." కొత్త క్యారేజీ ఒకటి కొనండి. ఇంట్లో వండింది అందులో సర్దుకెళ్ళి, అందరితో పాటు అదే పంక్తిలో ఆకు మీద తింటారు. పిలిచినవాళ్ళు చిన్నబుచ్చుకోకుండా వాళ్ళ చేతి నుంచి కూడా ఏదో ఒకటి తీసుకోవాలి కదా. కొబ్బరిబోండం, అరటిపళ్ళు, కోయని మామిడిపండు తీసుకోవచ్చు. పండు కోయాలంటే మీ కొత్త చాకు సంచిలో ఉంటుంది. "ఒక్క ముక్క తింటే ఏమవుతుంది" అనేవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వాళ్ళకి జవాబు మీరు చెప్పండి, అమ్మాయి మీద వదిలేయకండి.

చర్చికి వెళ్ళేవాళ్ళం అన్నారు కాబట్టి ఇంకో మాట. యేసు శిష్యుడు పేతురుకి దర్శనంలో అన్ని రకాల జంతువులూ ఉన్న దుప్పటి దిగివచ్చి, చంపుకుని తినమన్న మాట వినిపించిన కథ, అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయం, మీ బంధువుల్లో ఎవరో ఒకరు అల్లుడి ముందు తీస్తారు. మాస్టారే తీసినా ఆశ్చర్యం లేదు, బడిలో అన్నేళ్ళు పాఠం చెప్పిన మనిషి. తీయనివ్వకండి. ఆ వాదన 2000 ఏళ్ళుగా జరుగుతోంది, మీ భోజనాల దగ్గర తేలేది కాదు. ఆయనకి కాలక్షేపం కావాలంటే అల్లుణ్ణి వెంటబెట్టుకుని చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెం వెళ్ళిరమ్మనండి. మీకు దగ్గరే. బెనె ఎఫ్రాయిమ్ అని పిలుచుకునే తెలుగు యూదులు అక్కడున్నారు, చిన్న ప్రార్థనామందిరం కూడా ఉంది. మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు, క్రైస్తవం నుంచి అటు మళ్ళినవాళ్ళు. విశ్రాంతిదినం పాటిస్తూ తెలుగులోనే మాట్లాడుకునే ఆ మనుషులతో కాసేపు కూర్చుంటే, కూతురు ఎక్కడికో దూరంగా వెళ్ళిపోయిందన్న బెంగ ఆయనకి కాస్త తగ్గొచ్చు. అల్లుడికి మాత్రం ఆ ప్రయాణం జన్మకి గుర్తుంటుంది.

ఆవకాయ గురించి మీరు రాయలేదు, కానీ పచ్చడి పేరు ఎత్తినప్పుడే నాకు అర్థమైంది. ఈ మేలో పెట్టేటప్పుడు చిన్న జాడీ ఒకటి కొత్తది తీసి, కాయ కొత్త కత్తితో కొట్టించి, వాళ్ళ వాటా విడిగా కలపండి. నిప్పు తగలని పని కాబట్టి పొయ్యి నియమం దానికి అడ్డురాదు. నూనె, కారం, ఆవపిండి ఎక్కడివో అమ్మాయికి ముందే చెప్పి సరేననిపించుకోండి. అంత పెద్ద జాబితాలో ఆమె మొదట అడిగేది ఇదే అవుతుందని నా పందెం.

ఎంత జాగ్రత్తపడ్డా ఏదో ఒక రోజు పాత గరిటె కొత్త పప్పులో పడుతుంది. పడగానే చెప్పండి. కంగారుపడి గిన్నె బయట పారబోయకండి. గరిటె ఎప్పుడు చివరిసారి వేడి కూరలో వాడారు, పప్పు ఎంత ఉంది, ఎంత వేడిగా ఉంది అని అమ్మాయి అడుగుతుంది, వాళ్ళ రబ్బీకి ఫోన్ చేస్తుంది. 24 గంటలు దాటితే ఒక లెక్క, దాటకపోతే ఒక లెక్క. చాలాసార్లు ఆ పప్పు తినడానికి దారి దొరుకుతుంది. నేను చెప్పినవన్నీ కూడా ఆమె ఒకసారి చూసి, వాళ్ళ ఇంటి పద్ధతికి సరిపోయినవి ఉంచి, కానివి కొట్టేయాలి. మనుషుల్ని బట్టి పట్టూ విడుపూ మారుతుంది.

చివరిగా గిన్నెలు కొనే పని. మీరొక్కరే వెళ్ళకండి, మాస్టారిని తీసుకెళ్ళండి. యూదులు లోహపు గిన్నెగానీ గాజు గిన్నెగానీ కొత్తగా కొంటే వాడే ముందు నదిలోనో, సముద్రంలోనో, అందుకోసం కట్టుకున్న కొలనులోనో ముంచాలి. అయితే ఆ గిన్నె యూదుల సొంతం అయితేనే. వేరేవాళ్ళ గిన్నెని అరువుగా వాడుకుంటే ముంచక్కర్లేదు. అందుకని అమ్మాయికి కానుకగా ఇస్తున్నామని అనకండి, అవి మీవే, ఆమె వచ్చినన్నాళ్ళూ వాడుకుంటుంది. స్టీలు సామాను కొట్లో పేర్లు కొట్టే కుర్రాడు ఉంటాడు కదా, "అమ్మాయి పేరు కొట్టమంటారా" అని అడుగుతాడు. వద్దనండి. కుక్కర్ మీద, మూకుడు మీద, నాలుగు గ్లాసుల మీద మాస్టారి పేరు కొట్టించండి.